కొండ దిగివచ్చిన కోటయ్య

వేదం పరమేశ్వరుణ్ణి ఎన్నో విధాల స్తుతించింది. వాటిలో శ్రీరుద్రానికి విశిష్ట స్థానమున్నది. కృష్ణ యజుర్వేదంలోని తైత్తిరీయ సంహిత నాలుగవ కాండలో ఉన్న ఈ నమక మంత్రాలు వినబడని శివాలయం తెలుగునాట లేదు. నిత్యాభిషేకంలో మనం వినే ఆ నమకంలో, మొదటి అనువాకంలోనే, ఒక విశేషమున్నది. ఆకాశంలో అరుణవర్ణంతో కదిలిపోయే ఆ నీలకంఠుణ్ణి ఎవరు చూచారు అన్న ప్రశ్నకు మంత్రం చెప్పే సమాధానం ఆశ్చర్యం గొలుపుతుంది. యజ్ఞదీక్షితులు చూచారనలేదు. చక్రవర్తులు చూచారనలేదు. పశువులను మేపుకొనే గోపాలకులు చూచారన్నది. నీళ్లు మోసుకొనిపోయే స్త్రీలు చూచారన్నది. ఆ తరువాతనే సమస్త భూతములూ చూచాయన్నది.

ఈ మంత్రార్థం కళ్లకు కట్టిన క్షేత్రమొకటి మన కృష్ణాతీరానికి దగ్గరలోనే ఉన్నది. అది కోటప్పకొండ. పల్నాడు జిల్లాలో, నరసరావుపేటకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో వెలసిన త్రికూటాచలం. ఎటు నుంచి చూచినా మూడు శిఖరాలు కనిపించే ఆ కొండపై గొల్లవారి ఇంట పుట్టి, కడవతో నీళ్లు మోసి, శివసాక్షాత్కారం పొందిన ఒక తపస్వినికి ప్రత్యేకంగా గుడి ఉన్నది. ఆమె ఆనందవల్లి. భక్తులు ప్రేమతో పిలుచుకొనే పేరు గొల్లభామ.

మా భవానీపురం పున్నమి ఘాట్‌లో కార్తిక స్నానం చేసి, దుర్గమ్మకు దండం పెట్టుకొని, అక్కడి నుంచే కోటప్పకొండకు బయలుదేరే కుటుంబాలు ఏటా ఎన్నో కనిపిస్తాయి. మహాశివరాత్రి వచ్చిందంటే ఆ దారి అంతా జనసంద్రమే. ఆ యాత్రికులలో ఎంతమంది గొల్లభామ గుడి ముందు ఆగుతున్నారు, ఆమె కథలోని అంతరార్థాన్ని ఎంతమంది తమ పిల్లలకు చెబుతున్నారు అన్నది ఈ ఆదివారం మనం ఆలోచించవలసిన విషయం.

మౌనమే వ్యాఖ్యానమైన క్షేత్రం

స్థలపురాణం ప్రకారం దక్షయజ్ఞంలో సతీదేవి దేహత్యాగం చేసిన పిమ్మట పరమశివుడు విరాగియై, పన్నెండేళ్ల బాలయోగిగా, దక్షిణామూర్తి స్వరూపంతో ఈ త్రికూటంపై తపోనిష్ఠలో కూర్చున్నాడు. బ్రహ్మాది దేవతలు వచ్చి ఆయన నుంచి జ్ఞానోపదేశం పొందారు. నడిమి శిఖరం రుద్రకొండ. అక్కడ ఉన్నది పాత కోటేశ్వరాలయం. విష్ణుకొండపై పాపవినాశన తీర్థమున్నది. బ్రహ్మకొండపై ప్రస్తుతం మనం దర్శించుకొనే త్రికోటేశ్వరస్వామి ఆలయమున్నది.

దక్షిణామూర్తి బ్రహ్మచారి, గురుమూర్తి. అందువలన ఈ క్షేత్రంలో స్వామికి కల్యాణోత్సవం లేదు. ఆలయానికి ధ్వజస్తంభమూ లేదు. ప్రతి శివాలయంలోనూ శివపార్వతుల కల్యాణం కన్నులపండువుగా జరుగుతుండగా, ఇక్కడ మాత్రం మౌనమే మహోత్సవం. మర్రిచెట్టు నీడలో వృద్ధులైన శిష్యుల నడుమ యువకుడైన గురువు కూర్చొని, పెదవి విప్పకుండానే సంశయాలన్నీ ఛేదించాడన్నది దక్షిణామూర్తి తత్త్వం. మాటతో తీరే సందేహాలు వేరు, సన్నిధిలో తీరే సందేహాలు వేరు. ఈ రెండవ తరహా సందేహాలతో మనిషి కొండ ఎక్కుతాడు.

చరిత్ర కూడా ఈ క్షేత్రపు ప్రాచీనతకు సాక్ష్యం పలుకుతున్నది. క్రీ.శ. 1172 నాటి వెలనాటి చోళుల కాలపు శాసనాన్ని బట్టి, అంతకు ముందే ఇక్కడ ఆలయమున్నదని తెలుస్తున్నది. చందవోలు రాజధానిగా వెలనాటి చోళులు ఏలిన ఆ పన్నెండవ శతాబ్దం, ఆంధ్రదేశంలో శైవం ఇల్లిల్లూ తట్టిన కాలం. కల్యాణంలో బసవేశ్వరుడు, మన సీమలో మల్లికార్జున పండితారాధ్యుడు వర్ధిల్లిన శతాబ్దమది. జంగమ దేవరలు ఊరూరా తిరుగుతూ, కులం అడుగకుండా విభూతి పెట్టిన రోజులవి. పాలగిన్నె పట్టుకొని గుడికి వెళ్లి, శివుడు తాగేవరకూ కదలనని ఏడ్చిన గొడగూచి వంటి పసిపిల్లల కథలను ఆ తరువాత పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో గ్రంథస్థం చేశాడు. కోటప్పకొండ కథలో శివుడు జంగమ రూపంలో రావడం, గొల్లపిల్ల పాలు సమర్పించడం వంటివి ఆ కాలపు భక్తి వాతావరణంలోంచి పరిమళించినవే. పిమ్మట శ్రీకృష్ణదేవరాయలు మొదలు నరసరావుపేట, అమరావతి, చిలకలూరిపేట జమీందారుల వరకు ఎందరో ఈ స్వామికి దానధర్మాలు చేశారు. నరసరావుపేట మల్రాజు వారు కొండకు మెట్ల దారి కట్టించారు.

ఊరు ఏమన్నా ఆగని అడుగు

ఇక కథలోకి వద్దాం. కొండ పాదాన ఉన్న కొండకావూరులో సుందుడనే గొల్లవానికి ఆనందవల్లి కుమార్తె. బాల్యం నుంచే శివచింతన. సంసారంపై ఆసక్తి లేదు. రుద్రకొండపై తపస్సు చేసుకొనే జంగమ దేవరను శివుడిగానే భావించి, ప్రతిదినం కొండ ఎక్కి, నీళ్లు తెచ్చి, మారేడు దళాలు కోసి, పాలు నివేదించి, ఆయన సేవలోనే కాలం గడుపుతూ వచ్చింది. ఒకనాడు ఆమె అభిషేకానికి తెచ్చుకొన్న కడవపై కాకి వాలి నీళ్లు ఒలికిపోయాయనీ, ఆమె కినుక వహించి ఇక్కడికి కాకులు రాకుండుగాక అన్నదనీ చెబుతారు. త్రికూటంపై కాకి వాలదన్న ప్రతీతి నాటిదే. తాను తాగడానికి తెచ్చుకొన్న నీరు పోతే ఆమె ఆగ్రహించలేదు. స్వామికి తెచ్చిన నీరు పోయింది గనుక ఆగ్రహించింది. ఆ కడవ బరువు మోసినవారికే ఆ కోపం అర్థమవుతుంది.

వేసవి ఎండలలో సైతం ఆమె కొండ ఎక్కడం మానలేదు. దేహం కృశించింది. ఆమె కష్టం చూచి జాలిపడిన స్వామి, ఇక రావద్దని చెప్పినా వినలేదు. అప్పుడు ఆయన ఆమె పట్టుదలను పరీక్షింపదలచి బ్రహ్మచారిణియైన ఆమెకు గర్భం కలిగించాడు. స్థలపురాణంలో అత్యంత కఠినమైన ఘట్టమిది. పెళ్లికాని పిల్ల గర్భవతియైతే ఊరు ఎలా చూస్తుందో, ఏమంటుందో ఊహించడం నేటికీ కష్టం కాదు. ఆనందవల్లి మాత్రం ఆ స్థితిని లెక్కచేయలేదు. మరునాడు కూడా కడవ ఎత్తుకొన్నది. నిండు నెలలతో కూడా కొండ ఎక్కింది.

ఇక్కడ మన గృహస్థులందరూ ఒక క్షణం ఆగి ఆలోచించాలి. కథ జరిగిన ఊరిలో ఆనాడు ఆమెను వేలెత్తి చూపినవారి పేర్లు ఏ ఒక్కటీ మిగలలేదు. ఆమెకు మాత్రం గుడి మిగిలింది. నిందపడిన ఆడబిడ్డను ఇంటి గుమ్మం తొక్కనీయని పెద్దలూ, శుభకార్యాలకు పిలువకుండా పక్కన పెట్టే బంధువులూ కుటుంబంతో సహా కోటప్పకొండ వెళ్లి, గొల్లభామ గుడిలో పసుపు కుంకుమలు సమర్పించి వస్తారు. ఆ సమర్పణకు అర్థమేమిటి? ఆమెను పూజించే చేతులు, ఆమె వంటి స్థితిలో మన వీధిలో ఉన్న ఆడపిల్లకు అన్నం పెట్టగలుగుతున్నవా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన వారిలో గృహస్థులతో పాటు అర్చకులమైన మేమూ ఉన్నాము. గర్భగుడిలో నిలబడి నమకం చదివే నోటితో, బయట ఒకరి కూతురి గురించి తక్కువగా మాట్లాడితే ఆ మంత్రం మనకు వంటపట్టలేదన్నమాటే.

వెనుదిరిగిన చూపు

ఆమె నిష్ఠకు స్వామి కరిగాడు. ఇక నీవు ఎక్కి రానక్కరలేదు, నేనే నీ వెంట దిగివస్తాను, నీవు ముందు నడు, ఎటువంటి ధ్వని వినిపించినా వెనుదిరిగి చూడవద్దు అన్నాడు. ఆమె ముందు నడుస్తున్నది. వెనుక స్వామి. అడుగడుగుకూ కొండ దద్దరిల్లుతున్నది. భీకర ధ్వనులు వినిపిస్తున్నాయి. బ్రహ్మకొండ దగ్గరకు వచ్చేసరికి ఆమె ఉండబట్టలేక వెనుకకు తిరిగి చూచింది. చూచిన క్షణమే స్వామి అక్కడి గుహలో ప్రవేశించి లింగరూపుడైనాడు. ఆమెకు అక్కడే ప్రసవమైంది. ఆ శిశువు అదృశ్యమైంది. అంతా శివలీలయని గ్రహించిన ఆనందవల్లి ఆ స్వామిలోనే ఐక్యమైంది.

ఈ ఘట్టాన్ని చెప్పేటప్పుడు చాలామంది ఆమె మాట తప్పింది గనుక స్వామిని పోగొట్టుకొన్నదని అంటారు. ఆ మాట పూర్తిగా సరైనది కాదు. ఆమె వెనుదిరగకపోతే ఏమయ్యేది? స్వామి ఆమె వెంట కొండకావూరులోని ఆమె ఇంటికి వెళ్లేవాడు. అది ఆమె ఒక్కరి భాగ్యమయ్యేది. ఆమె వెనుదిరిగింది గనుక స్వామి రుద్రకొండ ఎత్తునుంచి దిగి, ఊరికి చేరకుండా, నడుమ బ్రహ్మకొండపై ఆగాడు. రుద్రకొండ ఎక్కలేని వృద్ధులూ, రోగులూ, చంటిబిడ్డల తల్లులూ నేడు స్వామిని చూడగలుగుతున్నారంటే ఆ ఒక్క చూపే కారణం. ఒకరి తొట్రుపాటు లోకానికి వరమైంది. భగవంతుడు మన బలానికి ప్రసన్నుడవుతాడని శాస్త్రాలు చెబుతాయి. మన బలహీనతను సైతం పదిమందికి పనికివచ్చేట్లు మలుస్తాడని కోటప్పకొండ చెబుతున్నది.

అంతేకాదు, ఆ వెనుదిరిగిన చూపులో భయం ఎంత ఉన్నదో, ప్రేమ అంత ఉన్నది. అన్నాళ్లు తాను వెతుక్కుంటూ వెళ్లిన స్వామి, నేడు నిజంగా తన వెంట వస్తున్నాడా, ఆ ధ్వనులలో ఆయనకేమైనా అయినదా అన్న ఆరాటం తల్లికి సహజం. అప్పటికి ఆమె తల్లి కూడా.

తైత్తిరీయోపనిషత్తులో బ్రహ్మానందవల్లి అనే భాగాన్ని ఆనందవల్లి అని కూడా పిలుస్తారు. ఆ వల్లిలో ఆనంద మీమాంస ఉన్నది. యువకుడు, సాధువర్తనుడు, విద్యావంతుడు, దృఢకాయుడు, సమస్త భూమండలపు సంపద కలవాడు పొందే సుఖాన్ని ఒక మానుషానందంగా లెక్కించి, అక్కడి నుంచి నూరేసి రెట్లుగా పెంచుకుంటూ బ్రహ్మానందం వరకూ తీసుకొనిపోతుంది శ్రుతి. ప్రతి మెట్టులోనూ ఒక మాట మాత్రం మళ్లీ మళ్లీ చెబుతుంది. కోరిక చేత కొట్టబడని శ్రోత్రియునికి ఆ ఆనందమంతా ఉన్నచోటనే ఉన్నదంటుంది. వేదం చదువుకొన్నవారికి ఆ మెట్లు పాఠంగా తెలుసు. కొండకావూరి గొల్లపిల్లకు పాదాలతో తెలుసు. ఇద్దరూ చేరవలసిన చోటు మాత్రం ఒక్కటే.

సాలంకయ్య ఇంటి అతిథి

ఈ క్షేత్రంలో స్మరింపదగిన మరొక భక్తుడు సాలంకయ్య. యల్లమంద గ్రామవాసి, లింగబలిజ కులజుడు. తమ్ముళ్లతో కలసి కొండపై కట్టెలు కొట్టి, అమ్ముకొని జీవించేవాడు. ఒకనాడు గాలివానకు విష్ణుకొండపై గుహలో తలదాచుకొనగా అక్కడ బంగారు నాణేల బిందె దొరికింది. ధనం వచ్చినా అతని భక్తి చెడలేదు. ఒక జంగమ దేవర తన ఇంటికి వస్తుంటే నిత్యం ఆదరించి ఆతిథ్యమిచ్చేవాడు. ఆ జంగముడు హఠాత్తుగా కనబడకుండా పోగా, కొండకోనలన్నీ గాలించి, నిరాహారియై విలపించాడు. తన ఇంట ఆతిథ్యం పొందినవాడు తానేననీ, బ్రహ్మకొండపై తనకు ఆలయం కట్టమనీ స్వామి పలుకు వినిపించగా, సాలంకయ్య ఆ ఆలయ నిర్మాణానికి పూనుకొన్నాడు. ఆ ఆవరణలో నేటికీ సాలంకేశ్వరుని పేర సన్నిధి ఉన్నది.

నమకం నాలుగవ అనువాకంలో వడ్రంగులకు, రథకారులకు, కుమ్మరులకు, కమ్మరులకు, వేటగాండ్రకు అందరికీ నమస్కారాలున్నవి. మరొకచోట శివుణ్ణి వృక్షాలకు అధిపతిగా, అరణ్యాలకు అధిపతిగా కీర్తించింది శ్రుతి. కట్టెలు కొట్టేవాడు గుడి కట్టించాడు, గొల్లపిల్ల దేవతయై నిలిచింది అంటే వేదానికి విరుద్ధంగా ఏదో జరిగిందని కాదు. వేదం చెప్పినదే జరిగింది. వేదం పేరు చెప్పి ఎవరినైనా గుడి మెట్ల దగ్గర ఆపినవారే వేదానికి విరుద్ధంగా నడిచినవారు.

నేడు మన కర్తవ్యం

ఈ రోజులలో కొండపైకి ఘాట్ రోడ్డు ఉన్నది. వాహనాలు ఆలయ సమీపం దాకా పోతున్నాయి. కష్టపడి ఎక్కితేనే పుణ్యమని దీనిని ఆక్షేపించేవారున్నారు. ఎక్కలేని భక్తురాలి కోసం దిగివచ్చిన స్వామికి, ఎక్కలేని వారి కోసం వేసిన దారి అప్రియమెలా అవుతుంది? అయితే కాళ్లలో సత్తువ ఉన్నవారు ఒక్కసారైనా మెట్ల దారిన నడవాలి. ఒక గంట ఆయాసం అనుభవించినప్పుడు ఆనందవల్లి ప్రతిదినం ఏమి చేసిందో పాఠం చెప్పనక్కరలేకుండానే పిల్లలకు తెలుస్తుంది. గొల్లభామ గుడి ముందు రెండు నిమిషాలు నిలిచి, ఆమె కథ ఇంటి పెద్దలు పిల్లలకు చెప్పాలి. ఓపిక ఉన్నవారు రుద్రకొండపై పాత కోటయ్యను కూడా దర్శించి రావాలి. కథ మొదలైన చోటు అది.

శివరాత్రి తిరునాళ్లకు ప్రభలు కట్టడం కోటప్పకొండకు వన్నె తెచ్చిన సంప్రదాయం. యల్లమంద, కావూరు, పురుషోత్తమపట్నం, మద్దిరాల వంటి గ్రామాల వారు వెదుళ్లతో ఆకాశాన్నంటే ప్రభలు కట్టి, రంగు వస్త్రాలతో, విద్యుద్దీపాలతో అలంకరించి తీసుకొని వస్తారు. ఆ ఊరు ఊరంతా ఒక్క తాడు పట్టుకొని నడిచే దృశ్యం మనోహరం. ఆ ప్రభల దగ్గర భక్తి పాట తగ్గి, హోరెత్తే సినిమా పాటలూ, నృత్యాలూ, పార్టీల జెండాలూ, ఊరికీ ఊరికీ మధ్య పంతాలూ పెరిగితే మాత్రం దక్షిణామూర్తి మౌనం ఎవరికి వినబడుతుంది? ప్రభ ఎంత ఎత్తు ఉన్నదన్నది పందెం కారాదు. ఆ ప్రభ నీడన ఎంతమంది కలసి నడిచారన్నదే స్వామికి లెక్క.

ఇక్కడ భక్తుల నోట వినబడే పిలుపును జాగ్రత్తగా గమనించండి. చేదుకో కోటయ్యా, చేదుకో అంటారు. చేదడమంటే బావిలోంచి తాడుతో నీరు పైకి లాగడం. మేము లోతున ఉన్నాము, నీవు ఎత్తున ఉన్నావు, తాడు నీ చేతిలో ఉన్నది, పైకి లాగు అని వేడుకోలు. వేదాంత గ్రంథాలు ఎన్నో పుటలలో చెప్పిన శరణాగతిని రైతు ఒక్క క్రియాపదంలో చెప్పాడు. నీళ్లు చేదిపోసిన గొల్లభామ కొండపై ఆ పిలుపు పుట్టడం ఎంత సహజం!

చివరిగా ఒక్క మాట. ఈ కథ ఒక్క కోటప్పకొండకే పరిమితం కాదు. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ పేరంటాలుగా వెలసింది. కృష్ణా డెల్టాలో ఏ ఊరికి వెళ్లినా చెరువుగట్టు మీదనో, పొలం గట్టున వేపచెట్టు కిందనో ఒక మునికో, ఒక పేరంటాలికో, ఒక జంగమ దేవరకో కట్టిన చిన్న గుడి కనిపిస్తుంది. పెద్ద క్షేత్రాలకు మనం వందల కిలోమీటర్లు ప్రయాణిస్తాము. ఊరి చివర చిన్న గుడిలో సాయంత్రం దీపం వెలిగిందో లేదో చూచేవారు కరువవుతున్నారు. అటువంటి ఆలయాలకై ఉన్న ధూప దీప నైవేద్య పథకంలో నెలకు 5,000 రూపాయలుగా ఉన్న సాయాన్ని 10,000 రూపాయలకు పెంచుతున్నట్లు రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించింది. సంతోషించదగిన విషయమే. ప్రభుత్వం నూనెకు సొమ్ము ఇవ్వగలదు. ప్రదక్షిణం చేసే పాదాలను ఇవ్వలేదు. అవి మన ఇళ్ల నుంచే రావాలి.

జీర్ణోద్ధరణ పేరిట పాత రాళ్లను తొలగించి పలకలు పరచడం, శాసనాలున్న స్తంభాలకు రంగు పూయడం వంటివి కూడా మానవలసిన పనులు. శాసనమంటే మన పూర్వులు దేవుని సాక్షిగా వ్రాసి ఇచ్చిన మాట. దానిని రంగు కింద కప్పడం, తండ్రి వ్రాసిన ఉత్తరాన్ని చదవకుండా చింపడం వంటిది. 1172 నాటి అక్షరాలు నిలిచి ఉన్నందువల్లనే కోటయ్య గుడి వయస్సు మనకు తెలిసింది. మీ ఊరి గుడిలో ఏ రాతిపైనైనా పాత లిపి కనిపిస్తే సున్నం వేయనీయకండి. తెలిసినవారిని పిలిచి చదివించండి.

ఈ వారం వీలు చూచుకొని, మీ ఊరి చివరి చిన్న గుడికి ఇంటిల్లిపాదీ వెళ్లండి. ఒక చెంబెడు నీళ్లు పోయండి. ఒక దీపం వెలిగించండి. ఆ గుడి కథ తెలిసిన ముసలివారెవరైనా మిగిలి ఉంటే పక్కన కూర్చొని వినండి, పిల్లల చేత వ్రాయించండి. నీళ్ల కడవ మోసిన ఒక గొల్లపిల్ల కోసం కొండ దిగివచ్చిన స్వామి మన గుమ్మం దాకా రావడానికి సిద్ధంగానే ఉన్నాడు. ఆయనకు ఎదురువెళ్లడం మన వంతు.

సర్వే జనాః సుఖినో భవంతు.